ఉయ్యాల తొట్టిలో తలకు చోటు

మొన్న నరసన్నపేటలో ఇనుప సామాన్ల కొట్లో దుకాణదారు నా ముందు మూడు మిషన్లు వరసగా పెట్టాడు. కరెంటుతో చెక్కను నునుపు చేసేవి. ఒకటి ఇస్త్రీ పెట్టె కంటే పెద్దది, రెండు చేతులా పట్టుకుంటే గాని లొంగదట, రెండోది నడిపిది, మూడోది అరచేతిలో ఇమిడిపోయే బుడ్డది. నేను తెల్లమొహం వేసుకుని చూస్తుంటే, ఈ ముసలమ్మకి మాటల్తో చెబితే ఎక్కదనుకున్నాడేమో, మూలన పడున్న పనస చెక్క ముక్కను బల్లకు బిగించి, నడిపిదానికి ప్లగ్గు పెట్టి, దాని మీద రెండు సార్లు తిప్పాడు. కొట్టంతా జుయ్యిమంది. పసుపు కొమ్ము అరగదీసినట్టు పచ్చటి పొడి లేచింది. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, నా కాళ్ళ కింద ఆ కొట్టూ లేదు, బయట హైవే మీద లారీల మోతా లేదు. "పనేటమ్మా? దాన్నిబట్టి సైజు సెప్తాను" అని అతను అడుగుతూనే ఉన్నాడు. జవాబు నాకు తెలుసు, నేనే అక్కడ లేను.

మా అయ్య వడ్రంగి. శ్రీముఖలింగం పోయే దారిలో మా ఊరు. ఇంటి పక్కనే తాటాకు పాక, అదే ఆయన పని చోటు. చలికాలం పొద్దున్నే వంశధార మీంచి మంచు పాకలోకి నడిచి వచ్చేసేది. అందులో తడిసిన రంపపుపొట్టు వాసన, కళ్ళంలో నూర్చిన కొత్త గడ్డి వాసన, దాలిలో మామ్మ కాల్చే తేగల వాసన, అన్నీ కలిసి ఒకే వాసనగా ఉండేవి. చిత్రిక పడుతుంటే ఉంగరాలు ఉంగరాలుగా రాలే పొట్టును నేను చెవులకు తగిలించుకుని, జూకాలు పెట్టుకున్నానని ఊరంతా తిరిగి చూపించి వచ్చేదాన్ని. బడి విడిచాక నా ఈడు ఆడపిల్లలు గచ్చకాయలు ఆడుకోవడానికి మా పాక నీడకే వచ్చేవాళ్ళు. నేను వాళ్ళతో కూచున్నా, చెవి మాత్రం లోపలే ఉండేది, అయ్య ఎప్పుడు పిలుస్తాడా అని.

ఎందుకంటే మా అయ్యకు నాతో ఒక పని పడేది. ముప్పై ఏళ్ళు బాడిస పట్టిన చేతులు ఆయనవి, అరచెయ్యి ఎండిన తాటిమట్ట. చెక్క నునుపు తేలిందో లేదో ఆ చేతికి తెలిసేది కాదు. "ఒలే గుంటా, బుగ్గెట్టు" అని కేకేసేవాడు. నేను పరుగెత్తి వెళ్ళి, తలుపో పీటో మంచం పట్టెయో ఏదుంటే దానికి బుగ్గ ఆనించి, కళ్ళు మూసుకుని, అటునుంచి ఇటు జరిపేదాన్ని. ఎక్కడైనా చురుక్కుమంటే వేలు పెట్టి చూపించాలి. నేను సరే అన్నాకే వస్తువు పాక దాటేది. ఎనిమిదేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద ఉద్యోగం ఇంకేముంటుంది చెప్పండి. మా ఊళ్ళో సగం తలుపులు నా బుగ్గ దాటి వెళ్ళినవే అని ఇప్పటికీ నాకు గర్వం.

చూరులో ఒక గుడ్డసంచీ వేలాడేది. అందులో మూడు చింతచెక్క దిమ్మలు. వాటికే ఉప్పు కాగితం చుట్టి రుద్దేవాళ్ళు. అయ్య వాటికి పేర్లు పెట్టాడు. మూరెడు పొడుగున్నది పెద్దప్ప, జానెడుది నడిపమ్మ, నా గుప్పిట్లో పట్టేది చిట్టి. చిట్టిని నా చెయ్యి కొలత తీసుకుని నాకోసమే చెక్కాడు. పలక చేతికిచ్చి బడికి పంపిన రోజుకంటే ఆ దిమ్మ నా చేతిలో పెట్టిన రోజే నాకు బాగా గుర్తు.

ఆ ఏడాది మార్గశిరంలో మా అమ్మ ప్రసవించింది. మగపిల్లాడు. అంతకు రెండేళ్ళ ముందు పుట్టిన తమ్ముడు నెల తిరక్కుండానే పోయాడు. అందుకని ఈసారి ఇంట్లో ఎవరూ గట్టిగా సంతోషించలేదు. పురిటి గదిలోంచి కాయం ఘాటు, సాంబ్రాణి పొగ వస్తున్నా, మా మామ్మ, అంటే అయ్య తల్లి, గడపలో కూచుని దిష్టి తగులుతుందని పిల్లాణ్ణి "నల్లోడు" అనేది. వాడేమో పండిన దోసకాయలా ఉన్నాడు. బిడ్డ పుట్టకముందు తొట్టి చేయకూడదు, పుట్టాక ఇరవై ఒకటో రోజున తొట్లో వెయ్యాలి. ఇదీ మా దగ్గర పద్ధతి. అయ్య ఆరో రోజునే పనస పలక తీశాడు. మామ్మకు అది నచ్చలేదు.

"పిల్లలు బతికినోల్ల ఇంటి తొట్టి తెచ్చీమంటే ఇనవేటిరా! మీ పెద్దమ్మ ఇంట్లో ఏడుగురు పెరిగిన తొట్టి ఉన్నాది."

"ఊరందరికీ తొట్లు సేసిన సేతులు. నా కొడుక్కి ఎరువు తెచ్చుకోవాలేటి?" అన్నాడు అయ్య.

చివరకు ఒక ఒప్పందానికి వచ్చారు. ఇరవై ఒకటో రోజుకి దోషం లేని తొట్టి తయారైతే సరే, లేదంటే పెద్దమ్మ ఇంటి తొట్టి. అయ్య నాలుగు పక్కలూ అడుగుపలకా బిగించేశాడు. ఈలోగా సాలూరు నుంచి మేస్త్రీ కబురు పెట్టాడు. అక్కడ లారీలకు చెక్క బాడీలు కట్టే పనికి వస్తానని అయ్య ముందే మాట ఇచ్చి ఉన్నాడు. వెళ్ళే పొద్దున నన్ను తొట్టి దగ్గర కూచోబెట్టి సంచీ కిందికి దించాడు.

"ఇదిగో సూడు. అడుగుపలక ఎడల్పు. దానికి పెద్దప్పే. పెద్దది గోతుల్లో దూరదు, మిట్టల్నే తింటాది. పక్కలకి నడిపమ్మ. మూలలకీ అంచులకీ సిట్టి. సిట్టితో అడుగుపలక మీదకి ఎల్లేవనుకో, నొక్కిన సోటల్లా గొయ్యి పడతాది. తెలిసిందేటి?"

తెలిసింది. తెలిసీ చేశాను, అదే కదా నా ఖర్మ.

పది రోజులు రుద్దాను. బడినుంచి వచ్చి, చోడి అంబలి రెండు గుక్కలు తాగి, పాకలో దూరిపోయేదాన్ని. గచ్చకాయల వాళ్ళు పిలిచి పిలిచి విసిగిపోయారు. పెద్దప్పను తోస్తుంటే భుజాలు లాగేసేవి. అయినా ఆ పలక రోజురోజుకీ మెత్తబడుతుంటే, తమ్ముడి వీపు దాని మీద ఆనడం నా కళ్ళకు కనబడిపోయేది. ఈసారి వీడు ఉండిపోవాలి. పోయిన వాడికి నేనేమీ చెయ్యలేదు, వీడికి చేస్తున్నాను కనక ఉంటాడు. అప్పటి నా లెక్క అది. దేవుడికి దండం పెట్టినప్పుడు కూడా నేనింత నమ్మకంగా పెట్టలేదు.

పంతొమ్మిదో రోజు సాయంత్రం వచ్చి చూద్దును కదా, అడుగుపలక మీద, సరిగ్గా తల వచ్చే చోట, అరచెయ్యంత నల్లటి మరక. ఆముదం మరక. బిడ్డకు తలంటే గిన్నె మామ్మ మరిచిపోయి అక్కడ పెట్టింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మామ్మకు చెబితే దోషం అంటుంది, పెద్దమ్మ ఇంటికి బండి కట్టిస్తుంది. పెద్దప్పతో రుద్దితే మరక కదలదు, నూనెకు కాగితం జారిపోతోంది. అప్పుడు చిట్టిని తీశాను. గరుకు కాగితం చుట్టి, ఆ మరక మీదే, రెండు చేతులూ వేసి, ఒళ్ళంతా బరువేసి రుద్దాను. మర్నాడు బడి ఎగ్గొట్టి మళ్ళీ రుద్దాను. మరక పోయింది. ఆ ఆనందంలో బుగ్గ ఆనించాను. చురుక్కుమనలేదు. కానీ బుగ్గ కిందికి దిగింది.

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే అయ్య సాలూరు లారీ దిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని పాకలోకి వచ్చి, పెద్దప్పను పలక మీద నిలువుగా ఆనించి, వంగి చూశాడు. దిమ్మ కింద నుంచి వెలుతురు కనబడింది. నా వైపు చూశాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను.

వెనకే వచ్చిన మామ్మ చెయ్యి పెట్టి తడిమింది. "ఓలమ్మో! తొట్లో గొయ్యేట్రా! ఒక బిడ్డని గోతిలో పెట్టేం, సాలదా!" అని గుండె బాదుకుంది. లోపల అమ్మ ఏడవడం వినిపించింది. అంతే, నేను కూడా అందుకున్నాను. నా వల్ల తమ్ముడు పోతాడు అన్నంత భయం వేసింది నాకు. ఆ భయాన్ని ఇన్నేళ్ళయినా మాటల్లో పెట్టలేను.

అప్పుడు మామ్మ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. "ఆముదం వాసనేటి?" అంది. మళ్ళీ తనే, "నా గిన్నే" అని, గోడకు చేరబడి కూలబడింది.

బిగించిన తొట్టిలో చిత్రిక పట్టదు. కొత్త పలక వెయ్యడానికి పొద్దు లేదు. అయ్య చాలాసేపు ఆ పల్లం మీద చెయ్యి ఉంచి కూచున్నాడు. తరవాత లేచి, చిట్టిని తీసుకుని, బాడిసతో దాని అడుగును గుండ్రంగా, చిన్న పొట్ట వచ్చేట్టు చెక్కాడు. గుండ్రం ఉలితో పల్లాన్ని ఇంకాస్త వెడల్పు చేశాడు.

"ఇప్పుడు రుద్దు. నా సెయ్యి దూరదు. మద్దెలో కాదు, సుట్టూ. గొయ్యిలాగ ఉండకూడదు, పసోడి తల పట్టాల" అన్నాడు.

రుద్దాను. అయ్య గరుకు కాగితం మార్చి మెత్తది చుట్టి ఇస్తున్నాడు, నేను రుద్దుతున్నాను. మామ్మ మా ఇద్దరికీ తేగలు ఒలిచి నోట్లో పెడుతోంది. మధ్యాహ్నానికి అంచు ఎక్కడ మొదలయిందో తెలియకుండా పల్లం పలకలో కలిసిపోయింది. "బుగ్గెట్టు" అన్నాడు అయ్య. పెట్టాను. నా బుగ్గ దోసిట్లో పెట్టుకున్నట్టు అందులో ఇమిడింది.

"గొయ్యి కాదమ్మా. తలకి సోటు" అని మామ్మకు చెప్పాడు. ఆవిడ తన పాత నేత చీర మడత వేసి, తానే లోపల పరిచింది. సాయంత్రం ముత్తయిదువలు పాటలు పాడుతుంటే తమ్ముణ్ణి తొట్లో వేశారు. వాడు ఒకసారి మొహం చిట్లించి, తల అటూ ఇటూ తిప్పి, ఆ చోటు దొరకగానే నిద్రపోయాడు. మా అమ్మ ఆ రోజు నవ్వింది. రెండేళ్ళ తరవాత నవ్వింది.

తమ్ముడు బతికాడు, పెరిగాడు, ఇవాళ బడిపంతులు. మా తొట్టి కూడా పిల్లలు బతికిన ఇంటి తొట్టి అయింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పసుపు రాసి బండ్ల మీద పట్టుకుపోయేవాళ్ళు. "తల పల్లం ఉన్న తొట్టి" అని అడిగి మరీ వచ్చేవాళ్ళు. ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి, అక్కణ్ణుంచి ఆ ఇంటి ఆడపడుచు అత్తారింటికి. అలా తిరిగి తిరిగి ఒక ఏడు ఇక రాలేదు. అడిగితే ఒరిస్సా వైపు వెళ్ళిందన్నారు. అయ్య వెతకలేదు. "ఏ గుంటడో పడుకుని ఉంటాడులే" అన్నాడు. ఆయనా పోయాడు, పాక పోయింది, పెద్దప్పా నడిపమ్మా ఎప్పుడు ఏ పొయ్యిలోకి పోయాయో కూడా తెలియదు. తొట్టి అరువడిగే వాళ్ళూ లేరు, చెక్కకు బుగ్గ ఆనించే వాళ్ళూ లేరు. నా పెట్టెలో పొట్ట ఉన్న చిట్టి ఒక్కటే మిగిలింది. ఎన్నిసార్లు గుప్పిట్లో పెట్టుకు చూసినా నా చేతికి అది చాలదు. అయ్యను చూడాలని ఎంత అనిపిస్తుందో, ఆ చిన్న చెయ్యి మళ్ళీ కావాలని కూడా అంతే అనిపిస్తుంది.

తమ్ముడి కూతురికి ఆడపిల్ల పుట్టి, నేను కొట్టుకి వెళ్ళిన రోజుకి పన్నెండో రోజు. వడ్రంగి తొట్టి బిగించి ఇచ్చాడు; నునుపు మాత్రం నేనే చేస్తానని పంతం పట్టాను. కీళ్ళ నొప్పులతో ఉప్పు కాగితం పట్టలేక ఈ మిషన్ కోసం వచ్చాను.

కొట్లో బల్లకు బిగించిన పనస ముక్క మీదికి వంగి బుగ్గ ఆనించాను. దుకాణదారు కంగారు పడ్డాడు. "కళ్ళు తిరుగుతన్నాయేటమ్మా?"

"లేదు బాబూ. మా పిల్ల తొట్టికి, బుడ్డది ఇయ్యి."

"తొట్టికంటన్నారు కదా, అడుగుపలకకి ఇది వద్దమ్మా. ఎడల్పు చెక్క మీద ఒకే సోట నొక్కితే గొయ్యి పడిపోతాది. తరవాత నన్ననకూడదు."

"పడాలనే తీసుకుంటన్నాను" అన్నాను. "బేగి కట్టు నాయనా, ఇరవై ఒకటో రోజుకి ఇంక తొమ్మిది రోజులే ఉన్నాది."