చేవెళ్ల నుంచి ఫిల్మ్ నగర్ దాకా బుజ్జితో

పందిని వెంటబెట్టుకుని ఫిల్మ్ నగర్ వెళ్తానని నేనెన్నడూ అనుకోలేదు. బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికితే ఊళ్లు తిరిగే టీచరమ్మను. మా అన్నకు చేవెళ్ల దగ్గర చిన్న పందుల షెడ్డు ఉంది. ఆయన కూతురు మల్లిక ఇంటర్ చదువుతోంది. తల్లి దగ్గర పాలందని ఒక తెల్ల పందిపిల్లకు సీసాతో పాలు పట్టి, బుజ్జి అని పేరు పెట్టి పెంచింది. ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోర్ అద్దెకు తీసుకుని, జంతువులను పెంచే పిల్లలకు ప్రదర్శన పోటీ పెడుతున్నారంటే పేరిచ్చింది. అన్న ఒక్కటే మాట చెప్పాడు. "గెలిస్తే బుజ్జిని ఈతకు ఉంచుకుందాం బిడ్డా. దాని పిల్లలకు గిరాకి ఉంటది. లేకుంటే కోతకు కొనే బేరగాడు గాడికే వస్తడు, సాయంత్రం ఆయన బండెక్కించాలె." మల్లిక సరేనంది గానీ ఆ పూట అన్నం ముట్టలేదు. అన్న షెడ్డు వదిలి రాలేడు కాబట్టి నేను తోడు బయల్దేరాను.

ట్రాలీ ఆటోకు రానూ పోనూ మూడు వేలు. ఎండెక్కితే పందులు తట్టుకోలేవని తెల్లవారకముందే బయల్దేరాం. మొయినాబాద్‌లో టీ తాగుతున్నప్పుడు డ్రైవర్ జంగయ్య బుజ్జి మీద నీళ్లు చల్లి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, కుదుపు లేకుంట తీస్కపోత" అన్నాడు. అన్నట్టే లంగర్‌హౌజ్, టోలిచౌకి దాటించి, షేక్‌పేట మీదుగా ఎనిమిదికల్లా స్టూడియో గేటు ముందు దింపాడు. చూడ్డానికి వచ్చేవాళ్లకు టికెట్ యాభై రూపాయలు.

గేటు దగ్గర మా పెద్దమ్మ కొడుకు రమేష్ ఎదురొచ్చాడు. సినిమాల్లో డాన్స్ అసిస్టెంట్, ఇక్కడే ఉంటాడు. మల్లిక ఒకసారి బుజ్జిని నడిపి చూపించింది. ఈ పోటీలో పందికి తాడుండదు, చేతిలో సన్నటి కర్ర ఒక్కటే. దవడ పక్కన ఆనిస్తే తిరుగుతుంది, డొక్క దగ్గర తాకిస్తే ముందుకు కదులుతుంది. మల్లిక నిటారుగా, మాటా పలుకూ లేకుండా, బుజ్జి అడుగులోనే అడుగు వేసింది. రమేష్ పెదవి విరిచాడు. "గిట్ల సప్పుడు లేకుంట నడిస్తే నిన్నెవరు చూస్తరే? లోపల పెద్ద కెమెరా పెట్టిండ్రు. నీ మొఖం దానికే ఉండాలె, నవ్వాలె. కెమెరాకు వీపు చూపిస్తివా, అయిపోయినట్టే." ఆయన బతుకంతా నేర్చుకున్న విద్య అది. ప్రేమగానే ఇచ్చాడు. మల్లిక తలూపింది.

లోపల ఫ్లోర్ మీద రంపపు పొట్టు పరిచి, పైన షూటింగ్ లైట్లు వేశారు. జడ్జి రిటైరైన పశువుల డాక్టరమ్మ. పిల్లలది తలా ఒక పద్ధతి. సిద్దిపేట అబ్బాయి నడుం వంచి, కుస్తీకి దిగినవాడిలా జడ్జిని కళ్లార్పకుండా చూస్తూ నడిపాడు. ఖమ్మం అమ్మాయి చకచకా తిప్పేసింది. ఎవరెలా నడిపినా నియమం ఒక్కటే: జడ్జికీ మనకీ మధ్య పంది ఉండాలి, మన చూపు జడ్జి మీద ఉండాలి. కెమెరా చూస్తే జడ్జికి సరిగ్గా ఎదురువైపు ఉంది. మల్లిక నవ్వుతూ దానివైపు మొఖం తిప్పింది. ఆ తిప్పడంలో జడ్జికి వీపు పెట్టి, బుజ్జికి అడ్డంగా నిలబడింది. డాక్టరమ్మ పక్కకు జరిగి చూసింది. మల్లిక మళ్లీ కెమెరాకే తిరిగింది. కాసేపటికి పిల్లకే అర్థమైనట్టుంది, నవ్వు మానేసి తన పాత నడకకు వచ్చింది. అప్పటికే సమయం అయిపోయింది.

సిద్దిపేట అబ్బాయికి మొదటి బహుమతి. మల్లికకు మూడోది. డాక్టరమ్మ దగ్గరకు పిలిచి, "చివర్లో చాలా బాగా నడిపావమ్మా. కానీ అప్పటిదాకా నేను నిన్నే చూశాను, నీ పందిని చూడలేకపోయాను" అంది. రమేష్ గోడకు ఆనుకుని, "నేనే ఖరాబు చేసిన్నక్కా" అన్నాడు.

సాయంత్రం స్టూడియో వెనక గేటు దగ్గర బేరగాడి లారీ ఆగింది. అతని మనుషులు తాళ్లు తీస్తుంటే మల్లిక అడ్డుపడింది. "తాడు వద్దన్నా. నేనే ఎక్కిస్త." నేను ఆపబోయాను, వినలేదు. కర్ర తీసుకుని దవడ పక్కన ఆనించింది. బుజ్జి తిరిగింది. డొక్క దగ్గర తాకింది. బుజ్జి తలెత్తుకుని, బెదురు లేకుండా, వాలుగా వేసిన చెక్క మీదుగా లారీలోకి నడిచింది. ఒక్క అరుపు లేదు. అక్కడ కెమెరా లేదు, మార్కులేసే వాళ్లూ లేరు. అంత చక్కటి నడక ఆ రోజంతా ఎవరూ నడపలేదు. మల్లిక దిగి వచ్చి నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఆ పిల్లకు మొదటి బహుమతి రాలేదని నాకిప్పుడు బాధ లేదు. నమ్మి వెంట నడిచే ప్రాణిని ఆఖరి అడుగు దాకా భయపడనివ్వకుండా తీసుకెళ్లింది. అంతకంటే పెద్ద విద్య నేను బడిలో ఏం నేర్పగలను? ఇలాంటి పోటీకి వెళ్లేవాళ్లకు ఒక్క మాట చెప్తాను. బండిని పోవడానికి మాత్రమే మాట్లాడుకోండి, రావడానికి మెహదీపట్నం నుంచి బస్సులున్నాయి. మేము అదే ట్రాలీలో వచ్చాం. చేవెళ్ల దాకా మల్లిక వెనక అద్దంలోంచి ట్రాలీలో ఆ ఖాళీనే చూస్తూ కూర్చుంది.