గాలి తగలని సీసా

మా మేనత్తను అందరూ సీసాలత్త అనేవాళ్లు. జామ్ ఫ్యాక్టరీలో మూతలు బిగిస్తూనే ఆవిడ జుట్టు నెరిసిపోయింది. "గాలి దూరిందా, సరుకు గోవిందా" అని కనిపించిన వాళ్లందరికీ పాఠం చెప్పేది. ఆవిడ బిగించిన మూత తియ్యాలంటే నాన్నకు తాతలు దిగొచ్చేవారు.

ఫ్యాక్టరీ మూతపడ్డా ఆవిడ చేతులు ఊరుకోలేదు. పెరట్లో కాసిన చిక్కుళ్లు ఉడికించి సీసాలకెత్తి, మూతలు బిగించి, నీళ్లలో పెట్టి మరిగించి మంచం కింద దాచుకునేది. ఒక ఆదివారం నాన్న వెళ్తే, తమ్ముణ్ని చూసిన సంబరంలో ఒక సీసా విప్పి, వేడి చెయ్యకుండా అలాగే వడ్డించింది.

మర్నాటికి నాన్నకు ఒకటి రెండుగా కనిపించసాగింది. రెప్పలు వాలిపోయాయి, మంచినీళ్లు కూడా మింగుడుపడలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఊపిరి అందక యంత్రం పెట్టారు.

ఏం తిన్నాడని డాక్టరు అడిగితే అత్తే ముందుకొచ్చింది.

"నేనే పెట్టానండీ. పిసరంత గాలి కూడా పోనివ్వలేదు."

"చిక్కంతా అక్కడే వచ్చిందమ్మా. కొన్ని బాక్టీరియాకి గాలే గిట్టదు. గాలి ఉన్నంతసేపూ గింజల్లా ముడుచుకుని పడుంటాయి, మరిగే నీళ్లకి కూడా చావవు. గాలి లేని సీసాలో లేస్తాయి. తిండిలోంచి శక్తి లాగడానికి మనకి ఊపిరి కావాలి, వాటికి అక్కర్లేదు. అలా పెరుగుతూ విషం కక్కుతాయి. వాసన కూడా మారకపోవచ్చు."

"మరి జామ్‌కి ఎప్పుడూ ఏం కాలేదేమండీ?"

"అందులో పులుపూ పంచదారా వాటిని లేవనివ్వవు. చిక్కుళ్లలో ఏముంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. బతుకంతా మూతలు బిగించిన మనిషికి, జామ్‌ను కాపాడేది మూత ఒక్కటే కాదని ఆ ఫ్యాక్టరీలో ఏ మహానుభావుడూ చెప్పలేదు. బిగించమన్నారు, బిగించింది.

విరుగుడు మందు ఎక్కించారు. అప్పటికే ఆలస్యమైపోయింది. వారం తిరక్కుండానే నాన్న పోయాడు.

"తోడబుట్టినవాణ్ని చేజేతులా చంపుకుంది" అని పెద్దమ్మ వరండాలో అందరికీ వినపడేలా అంది. నోరు ముయ్యమని అరిచాను. తప్పు చిక్కుళ్లది కాకూడదని నాకింకా ఎక్కడో ఆశ. అత్త పక్కన కూర్చుని అడిగాను.

"నువ్వూ తినే ఉంటావుగా అత్తా? నీకేం కాలేదుగా?"

"బాగుందక్కా, ఇంకొంచెం వెయ్యి అన్నాడే. నా వాటా కూడా వాడి కంచంలోకే ఊడ్చేశాను."