మా అత్తను నవ్వించిన తోటికోడలు

గూడూరు నుంచి నెల్లూరికి నిమ్మకాయలు తెచ్చిన లారీ డ్రైవరు మా వాకిట్లో నిలబడి, "మీ ఇంటి పెద్దకోడలు పోయిందమ్మా. జ్వరమొచ్చి, తెల్లారేసరికి లేదు" అని చెప్పి తలగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. నాకు దుఃఖం కంటే ముందు ఇంకోటి వచ్చింది. ఈమె కోసం లారీ డ్రైవర్లు కూడా ఏడుస్తున్నారే అనిపించింది. మీరేమైనా అనుకోండి. పెళ్ళయి గూడూరులో అత్తగారింట అడుగుపెట్టినప్పటి నుంచి ఆమెను చూసి కుళ్ళుకున్నదాన్ని, ఒక్క కబురుతో మంచిదాన్ని ఎట్లా అయిపోతాను?

నెల్లూరిలో వేరు కాపురం పెట్టేదాకా నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను. మేమిద్దరం కథలు రాసేవాళ్ళం. ఒకే ఇంటి కోడళ్ళం, ఒకే వారపత్రికకు పంపేవాళ్ళం. నా కథల్లో ఆడవాళ్ళు కిటికీ దగ్గర నిలబడి పద్ధతిగా నిట్టూర్చేవాళ్ళు. ఆమె కథల్లో ఎవరి ఒళ్ళూ వాళ్ళ మాట వినేది కాదు. నిమ్మకాయల బేరగాడి చెవులు పక్క కొట్లో ధర వినడానికి రైలు స్టేషను దాకా సాగేవి. ఊరి పెద్ద తుమ్మితే సగం ఊరి పెంకులు లేచిపోయి, లోపలి కాపురాలన్నీ బయటపడేవి. అవి చదివి జనం పగలబడి నవ్వేవాళ్ళు. నావి చదివి, బాగుందమ్మా, అనేవాళ్ళు.

జాతర వస్తే ఆమెకు తిండి మీద ధ్యాస ఉండేది కాదు. మగవాళ్ళు చీరలు చుట్టుకుని, రొమ్ముకు కొబ్బరిచిప్పలు కట్టుకుని బజారున పడేవాళ్ళు. ఒళ్ళంతా బొగ్గు పూసుకున్న వేషగాడు ఎంత పెద్దమనిషినైనా మొహం మీదే తిట్టేవాడు. ఆ పెద్దమనిషి నవ్వి చేతిలో ఏదో ఒకటి పెట్టాల్సిందే. నేను తలుపు సందులోంచి చూసేదాన్ని. ఆమె దర్జాగా వీధి అరుగు మీద కూర్చుని, బుగ్గన ఉప్పు నిమ్మకాయ బద్ద పెట్టుకుని చూసేది.

"ఈ ఒక్క దినం ఊరు నిజం చెప్తాదిమే. రేపు మళ్ళా మొహం కడుక్కుంటాది" అనేది.

నాకు మొహం కడుక్కున్న ఊరే ఇష్టం. ఆ మాట ఆమెతో అంటే నవ్వేది. ముందు భుజాలు కదిలేవి, ఆ తర్వాత ఎప్పటికో నోట్లోంచి నవ్వు వచ్చేది.

ఇక అసలు సంగతి. మా అత్త భారీ మనిషి. ఆమె కడుపు గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తేవాళ్ళు కారు, మామగారితో సహా. అట్లాంటిది మా తోటికోడలు దాని మీద ఏకంగా కథ రాసింది. జాతరలో ఒక ముసలామె అమ్మవారికి కాచిన గంగాళం అంబలి ఒక్క గుక్కలో తాగేస్తుంది. కడుపు ఉబ్బి ఉబ్బి బజారంతా నిండుతుంది. పిల్లలు దాని మీద ఎక్కి జారుతుంటారు. దారి లేక అమ్మవారే దిగివచ్చి, కాస్త పక్కకు జరగమ్మా, అని బతిమాలుతుంది. పత్రిక రాగానే భోజనాలయ్యాక పైకి చదివి వినిపించింది. మా బావగారు తల ఎత్తలేదు. ఈ రోజుతో ఈమె పని అయిపోయిందని, అబద్ధమెందుకు, నాకు లోపల సంబరంగానే ఉంది.

అత్త చివరిదాకా విని, "ఏందిమే, నా కడుపు బజారు దాకేనా? స్టేషను దాకా రానిస్తే నీ సొమ్మేం పోయింది?" అని తొడ మీద చరుచుకుని నవ్వింది. అంత నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

పట్టుదలకొద్దీ నేనూ అత్త మీద కథ రాశాను. ఓర్పు, త్యాగం, చల్లని చూపు, ఏదీ వదల్లేదు. అత్త ఆవలిస్తూ విని, "ఎవరమ్మా ఆ మహాతల్లి?" అని అడిగింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

మర్నాడు తోటికోడలే కంచం తెచ్చి ముందు పెట్టింది. "నీ కథల్లో ఒక్కరికీ ఆకలెయ్యదేందిమే?" అంది. ఒళ్ళు మండిపోయింది. కానీ తర్వాతి కథలో ఒకామె చేత పొయ్యి దగ్గరే చద్దన్నం తినిపించాను. నేను రాసినవాటిలో మనుషులకు గుర్తున్నది అదొక్కటే. ఆ మేలు ఆమెదే కావడం నాకింకో మంట.

గూడూరులో కర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. అత్త మాత్రం అన్నం ముట్టడం లేదు, మాట్లాడటం లేదు. బావగారు బతిమాలి విసిగిపోయారు. కంచం పట్టుకుని నేను పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలియక నోటికొచ్చింది మొదలుపెట్టాను.

"అక్కను దున్నపోతు మీద ఎక్కించుకున్నాడంట అత్తా యముడు. దారిలో ఆయన మీసం పట్టుకుని ఒక్క లాగు లాగిందంట. పెట్టుడు మీసం! చేతికొచ్చేసింది. యముడు రెండు చేతులతో మూతి మూసుకున్నాడు. దున్నపోతు నవ్వలేక నడిరోడ్డు మీద కూలబడింది. వెనకాల వచ్చే చచ్చినోళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వతా ఉండారు. ఎవురూ ముందుకు కదల్లేదు. ఆ దినం గూడూరులో చావే లేదంట."

అత్త భుజాలు కదిలాయి. తర్వాత నోరంతా తెరిచి నవ్వింది, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. నా మాటకు ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"ఎంత మాటందిమే మహాతల్లి! పోయే ముందు నీకు చెప్పి పోయిందా ఇది?"

"కాదత్తా. ఇది నాది. ఇప్పుడే నేనే అల్లినా."

"ఊరుకోమే. దాని మాట నాకు తెలీదా?"

ముద్ద కలిపి పెట్టాను. నోరు తెరిచి తీసుకుంది. నా చేతి అన్నం తింటూ, ముద్ద ముద్దకూ ఆగి, ఆమెనే మెచ్చుకుంటూ ఉంది.