ఉస్తా ఖమీస్ సుత్తి

అన్ఫూషీ రేవులో పన్నెండేళ్లుగా ఖమీస్‌ను ఎవరూ "ఉస్తా" అని పిలవలేదు. చేతిలో పనితనం ఉన్నవాడికి దక్కే పిలుపు అది. వడ్రంగిని అలా పిలుస్తారు, మెకానిక్‌ని పిలుస్తారు, చివరికి చేపలు వేయించేవాణ్ణి కూడా పిలుస్తారు. ఖమీస్‌ను మాత్రం "గీకుడు ఖమీస్" అనేవారు. పడవల అడుగున పట్టిన గుల్లల్నీ పాచినీ గీకి పొట్టపోసుకునేవాడు కనక. ఆ పేరు తగిలించినవాడు పడవల యార్డు యజమాని దర్దీరీ. యజమాని అన్న గౌరవంతో మాలిమ్ దర్దీరీ అంటారు అందరూ. ఆ మనిషి సంగతి చెప్పబోతేనే నాకు ఒళ్లు మండుతుంది. ఖమీస్ పన్నెండేళ్లు ఎలా ఓర్చుకున్నాడో మరి.

అంతకుముందు ఖమీస్ ప్రొపెల్లర్లు సరిచేసే మనిషి. వంకరపోయిన కంచు రెక్కను సుత్తితో తట్టేవాడు, చెవి ఒగ్గి వినేవాడు, మళ్లీ తట్టేవాడు. రెక్కలన్నీ ఒక్క స్వరంలో మోగేదాకా పక్కన పెట్టేవాడు కాదు. ఆ సుత్తి వాళ్ల నాన్నది. పిడి మీద మూడు గాట్లు ఉండేవి.

దర్దీరీకి ఫిర్దౌస్ అని ఒక షికారు పడవ ఉంది. రెండు ఇంజన్ల చెక్క పడవ, తండ్రి కట్టించింది. నీళ్లలోకి దించిన రోజున పొట్టేలును కోసి, ఆ ముసలాయన నెత్తుటిలో చెయ్యి ముంచి, పడవ ముక్కు కింద నీళ్లు తాకే చోట అరచేయి అద్దాడట. ఇక అప్పట్నుంచి ఆ పడవను గీకడం నిషేధం. గీకితే నాన్న చెయ్యి చెరిగిపోతుంది, చెయ్యి చెరిగితే ఇంటి బరకత్, అంటే దేవుడిచ్చిన కలిమి, పోతుందని దర్దీరీ పట్టుదల. ఏటా రంగు మీద రంగు పూయించడమే. ముప్ఫై ఏళ్లకు ఆ రంగు వేలు మందాన పేరుకుని, అక్కడక్కడ పెచ్చులు లేచి, పడవ ఒళ్లంతా గరుకుతేలింది.

రెండు ప్రొపెల్లర్లూ సరిచేసి బిగించిన రోజున ఖమీస్ చెప్పనే చెప్పాడు.

"మాలిమ్, రెక్కలు సిద్ధం. కానీ వీటి వంపు నున్నటి పడవకు తగ్గట్టు పెట్టాను. అడుగు చెక్కదాకా గీకించండి. లేకపోతే ఇంజన్లు ఈ బరువు లాగలేవు, పొగ కక్కుతాయి."

"నాకు పడవల గురించి చెప్పేంత వాడివయ్యావా? నీ పని అయిపోయింది కదా, పో."

పండగ రోజున చుట్టాలనెక్కించుకుని దర్దీరీ షికారుకు బయల్దేరాడు. రేవు దాటకముందే నల్లటి పొగ కమ్మింది. సార్డీన్ చేపల పడవ ఒకటి పక్కనుంచి దాటేసి, ఈల వేసి మరీ వెళ్లిపోయింది. చుట్టాల ముందు తల కొట్టేసినట్టయింది దర్దీరీకి. ఒడ్డెక్కగానే, నలభై మంది పనివాళ్లు చూస్తుండగా, ఖమీస్ నడుంలోంచి సుత్తి లాక్కున్నాడు.

"బంగారం లాంటి ప్రొపెల్లర్లు! పాడు చేశాడు ఈ గాడిద!" అని అరిచి, పడవల్ని లాగే వాలు చివర, నీళ్ల కింది బురదలోకి సుత్తిని గిరాటేశాడు. "కావాలా? దిగి తెచ్చుకో!"

నలభై మందీ నవ్వారు. వాళ్ల కూడు దర్దీరీ చేతిలో ఉంది, నవ్వక ఏం చేస్తారు? కానీ ఖమీస్ ఆ నవ్వుల్లో ఒక్కటీ మరిచిపోలేదు.

సుత్తి పడ్డ చోటు గుర్తు పెట్టుకున్నాడు. సాయంత్రం యార్డు ఖాళీ అయ్యాక దిగి, కాళ్లతో తడిమి, తెచ్చుకున్నాడు. ఈ సంగతి భార్య బసీమాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. గుడ్డలో చుట్టి దాచాడు. మర్నాటి నుంచి దర్దీరీ అతనికి పడవలు గీకే పని తప్ప ఇంకేదీ ఇవ్వలేదు.

దర్దీరీ ఆ ప్రొపెల్లర్లు పీకించి పాత సామాన్లవాడికి పారేశాడు. వాటి బదులు ఇటలీ నుంచి రెక్కల వంపు తక్కువ ఉన్నవి తెప్పించాడు. పొగ ఆగింది, వేగం కూడా పోయింది. ఖమీస్ పాత సామాన్లవాడి దగ్గరికి వెళ్లి, తమ పెళ్లినాటి ఇత్తడి మంచం తూకానికి తూకం ఇచ్చి, తన ప్రొపెల్లర్లు రెండూ ఇంటికి తెచ్చుకున్నాడు.

"మా అమ్మ ఇచ్చిన మంచం ఇచ్చేసి ఈ కంచు పువ్వులు తెచ్చావా? వీటి మీద పడుకుంటావా?" అంది బసీమా.

"ఒకరోజు వీటి మీదే ఎక్కి దర్దీరీ గుండెల మీద నిలబడతాను."

"ఆ రోజు దాకా నా నడుం నేలకే రాసిపెట్టావన్నమాట."

దెప్పిందే గానీ, నెలకోసారి నిమ్మకాయా ఉప్పూ వేసి రుద్ది, వాటిని తళతళలాడించేది. ఆమె కడుపూ మండుతూనే ఉంది.

పన్నెండేళ్లు గడిచాయి. ఫిర్దౌస్‌ను కొంటానని కైరో నుంచి మదామ్ ఇంజీ వచ్చింది. మాటలు తక్కువ, పట్టింపులు ఎక్కువ. అడుగు చెక్క కళ్లారా చూడాలంది. గంటకు పద్దెనిమిది సముద్రపు మైళ్లు పరుగెత్తితేనే కొంటానంది. పడవ అమ్ముడైపోయిందని దర్దీరీ అప్పటికే రేవంతా చాటుకున్నాడు. ఇప్పుడు వెనక్కి తగ్గితే నగుబాటు. బరకత్ మాట మింగేసి, గీకమన్నాడు. ఎవరు గీకుతారు? గీకుడు ఖమీసే గీకాలి.

పంతొమ్మిది రోజులు గీకాడు. పొరలు పొరలుగా, ఎరుపు, నీలం, మళ్లీ ఎరుపు. ముక్కు దగ్గరికొచ్చాక చెయ్యి నెమ్మది చేశాడు. ముసలాయన అరచేయి కనిపిస్తే అంత మేర వదిలేద్దామనుకున్నాడు. కనిపించలేదు. వట్టి చెక్క. దర్దీరీని పిలిచాడు.

"మాలిమ్, మీ నాన్నగారి చెయ్యి ఎక్కడ?"

దర్దీరీ వంగి చూశాడు. వేలితో రుద్ది చూశాడు. ముఖం మాడిపోయింది.

"దీనికోసమేనా నా సుత్తి విసిరేసింది?" అన్నాడు ఖమీస్.

"పని చూడు," అని వెళ్లిపోయాడు దర్దీరీ.

అడుగు నున్న చేసి కొత్త రంగు ఒక్క పూత వేశాక, పడవను నీళ్లలోకి దించారు. ఇంజన్లు గొంతు చించుకున్నాయి గానీ, ఇటలీ రెక్కలకు నీళ్లు పట్టే వంపు ఎక్కడుంది? పదిహేను దాటలేదు. మదామ్ ఇంజీ సంచి భుజాన వేసుకుంది.

"మా ఇంట్లో రెండు ప్రొపెల్లర్లున్నాయమ్మా," అన్నాడు ఖమీస్ ఆమెతోనే, దర్దీరీ వైపు చూడకుండా. "ఒక్కసారి బిగించి చూడండి. రేపు పొద్దున్నకల్లా తయారు."

గాడిద బండి మీద వచ్చాయవి, వెనక బసీమా కూర్చుని. మర్నాడు పొద్దున ఫిర్దౌస్ రేవు దాటింది. పొగ లేదు, వణుకు లేదు. పంతొమ్మిదిన్నర! గట్టు మీద పనివాళ్లు కేకలు వేశారు. తిరిగొచ్చాక మదామ్ ఇంజీ మొదటిసారి నవ్వి, తీసుకుంటానంది.

దర్దీరీ ఖమీస్ వీపు తట్టబోయాడు. "ఎక్కడ దొరికాయిరా ఇవి?"

"మీరు పారేశారు కదా. గాడిద పాడు చేసిన ప్రొపెల్లర్లు ఇవే."

దర్దీరీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇవి నావి మాలిమ్. పడవను పైకి లాగించండి, విప్పుకుపోతాను."

"ఏం కావాలో చెప్పు. ఎంతైనా ఇస్తా."

"నా సుత్తి కావాలి," అన్నాడు ఖమీస్. వాలు చివర బురద వైపు వేలు చూపించాడు. "మీరే విసిరారు. దిగి తెచ్చివ్వండి. ప్రొపెల్లర్లు పడవతోనే పోతాయి."

మదామ్ ఇంజీ గడియారం చూసుకుంది. "మీలో మీరు తేల్చుకోండి. నా రైలు మూడింటికి."

దర్దీరీ పళ్లు పటపట కొరికాడు. చుట్టూ చూశాడు, ఒక్కడూ కలగజేసుకోలేదు. చెప్పులు విడిచి, జుబ్బా నడుంకి దోపుకుని దిగాడు. బురద మోకాళ్లు దాటింది, తొడలు దాటింది. వందేళ్ల యార్డు అది, దాని బురదలో లేనిదేముంది? మొదట తుప్పు పట్టిన సుత్తి ఒకటి పైకెత్తాడు.

"ఇదేనా?"

"కాదు."

ఇంకొకటి తీశాడు.

"ఇది?"

"మా నాన్న సుత్తికి మూడు గాట్లుంటాయి. వెతకండి."

పన్నెండేళ్ల కిందట నవ్విన వాళ్లే మళ్లీ నవ్వారు. బసీమా బండి మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ చూస్తోంది. అంత హాయిగా ఆమె కూర్చోవడం ఎవరూ చూసి ఎరగరు. ఖమీస్‌కూ కళ్లు చల్లబడ్డాయి. జాలి లేశమంతైనా కలగలేదు, కలిగిందని చెబితే అబద్ధమవుతుంది.

గంట గడిచేసరికి దర్దీరీ నడుందాకా కూరుకున్నాడు. కాళ్లు ఊడి రాలేదు.

"ఒరే ఖమీస్, చెయ్యివ్వరా!"

ఖమీస్ కదల్లేదు.

"ఖమీస్! నీకు పుణ్యముంటుంది!"

"ఎవర్ని పిలుస్తున్నావు? ఈ రేవులో ఖమీస్‌లు చాలామంది ఉన్నారు."

దర్దీరీ తల వంచుకున్నాడు. "ఉస్తా ఖమీస్," అన్నాడు.

"వినపడలేదు."

"ఉస్తా ఖమీస్!" ఈసారి రేవంతా వినపడింది.

ఖమీస్ గట్టు అంచున కూర్చున్నాడు. నడుంలోంచి గుడ్డ చుట్టింది ఒకటి తీసి, గుడ్డ విప్పి, పిడి ముందుకు చాచాడు. దర్దీరీ దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఈడ్చుకుంటూ వచ్చి, గట్టు మీద బోర్లా పడ్డాడు. ఆయాసం తీరాక గానీ చేతుల్లో ఏముందో చూడలేదు. బురద తుడిచాడు. పిడి మీద మూడు గాట్లు.

"ఇది... ఎప్పుడు దొరికింది?"

"నువ్వు విసిరిన రోజు సాయంత్రమే."