కవిత చేసిన సీసా

దయ్యాల్ని నమ్మాలంటే కాస్త తీరిక ఉండాలి. నాకెప్పుడూ లేదు. చైతన్యపురి హాస్టల్ నుంచి ల్యాబుకి, ల్యాబు నుంచి హాస్టల్‌కి తిరిగి తిరిగి అరిగిపోయిన పీహెచ్‌డీ మనిషిని.

మేం చేసేది ఐరన్ ఆక్సైడ్ నానో కణాలు. కంటికి ఆనవు. పైన చక్కెర జాతి పూత వేస్తే ఒంటికి హాని చెయ్యవు. నీళ్లలో కలిపితే చిక్కటి డికాక్షన్‌లా ఉంటుంది. అయస్కాంతం పెడితే నలుపంతా మెల్లగా అటు చేరుతుంది. తీసేస్తే వాటిలో అయస్కాంత గుణం మిగలదు. మిగలకూడదు కూడా, మిగిలితే రక్తంలో ఒకదానికొకటి అంటుకుని ఉండకడతాయి.

నాతో పనిచేసిన కవితకు కుదిరినట్టు ఆ కణాలు నాకెప్పుడూ కుదరలేదు. ఆమె జ్వరంతో దవాఖానలో పోయింది. ఆమె చేసిన సీసా ఒక్కటే మిగిలింది. నా థీసిస్‌కి చివరి కొలతలు దానిమీదే తియ్యాలి. అది లేకపోతే మళ్లీ మొదటికే.

ఒక మధ్యాహ్నం వాళ్లమ్మ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, ల్యాబులో ఉండిపోయిన కూతురి టిఫిన్ డబ్బా తీసుకుపోదామని వచ్చింది. "మా బిడ్డ ఏం చేస్తుండెనో జర చూపియ్యమ్మా" అంది. సీసా చేతికిచ్చాను.

కాసేపటికి నలుపంతా ఆమె అరచేతి వైపు చేరింది. మిగతా నీళ్లు తేటపడ్డాయి. సీసా తిప్పి పట్టుకోమన్నాను. మళ్లీ అటే వచ్చింది. ఆమెవి మట్టిగాజులు, చేతిలో ఫోన్ కూడా లేదు. అయస్కాంతాలన్నీ పక్కగది అల్మారాలోనే ఉన్నాయి, వెళ్లి చూసొచ్చాను. నేను పట్టుకుంటే కదల్లేదు.

ఆమె మాత్రం ఆశ్చర్యపోలేదు. "చిన్నగున్నప్పుడు గిట్లనే, చెయ్యి చాపంగనే ఉరికొస్తుండె" అని ఏడ్చింది.

నాకూ ఏడుపొచ్చింది. సీసా ఇమ్మంటుందేమోనని భయమూ వేసింది. ఆమె అడగలేదు. డబ్బా కడిగి తెచ్చాను. ఎవరి గిన్నె వాళ్లకి ఖాళీగా తిరిగివ్వకూడదని మా ఇళ్లలో పట్టింపు, చిటికెడు చక్కెరైనా వేసిస్తాం. ల్యాబులో చక్కెర ఎక్కడిది? సీసాకి దూది చుట్టి, డబ్బాలో పెట్టి మూతేశాను.

మా సార్ తిట్టాల్సినంతా తిట్టారు. థీసిస్ ఏడాది వెనక్కి పోయింది.

ఆమె అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. "పొద్దుగాల చెయ్యి పెట్టిన, ఒచ్చింది బిడ్డా" అంటుంది. ఎట్లా వస్తుందో నాకు తెలీదు. వెతికే ఓపిక కూడా లేదు. కొత్త సీసా తయారైనప్పుడల్లా, అయస్కాంతం తెచ్చేముందు నా అరచెయ్యి ఆనించి కాసేపు కూర్చుంటాను. ఇప్పటిదాకా ఒక్కటీ రాలేదు.