మబ్బు పట్టిన నాటి మంచు

ఆదిశేషుకి లోకంలో ఒకటే పిచ్చి, మంచు పిచ్చి. మనం రోజూ చూసే పొగమంచు కాదు, నేల మీద తెల్లగా ఉప్పు చల్లినట్టు పేరుకునే గడ్డమంచు. ఎడారి దేశానికొచ్చి ఇదేం పిచ్చి అనకండి. రస్ అల్ ఖైమా కొండల మీద ఫైజా మేడం గారి రాతి ఇంట్లో ఆయన తోటమాలి. అంత ఎత్తున చలికాలంలో ఒకటో రెండో తెల్లవారుజాముల్లో నిజంగానే మంచు పడుతుంది. మిగతా ఏడాదంతా ఆయన దాని గురించి మాట్లాడతాడు.

ఆ మాటలన్నీ పడేది వీరదుర్గ చెవిన. కొత్తపేట నుంచి వచ్చి, ఆ ఇంట్లో వంటా, మేడం సేవా చూస్తుంది.

"టీ తాగుతారా బాబాయ్?"

"గాలి ఆగిందా అమ్మా?"

"పంచదార ఎంత వేయమంటారు?"

"ఆగలేదు. ఆగితేనే పడుద్ది."

ఆ టీలో పంచదార ఎంత పడిందో ఆయనకి ఈ రోజుకీ తెలియదు.

పొద్దువాలగానే స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి పిట్టగోడ మీద పెట్టేవాడు. ఇంకా చుక్కలు ఆరకముందే లేచి, కొండలన్నీ నీలంగా నిద్రపోతుంటే, ఆ నీళ్లలో వేలు ముంచి, పుస్తకంలో 'లేదు' అని రాసుకునేవాడు. పదకొండేళ్ల పుస్తకం. ఒకసారి వడగళ్లు పడితే డ్రైవరు ఇమామ్ హుస్సేన్ "మంచు పడింది, రాసుకో శేషన్నా" అన్నాడు. ఆదిశేషు అతనితో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడాడు, వడగళ్లకీ మంచుకీ తేడా గురించి. ఇమామ్ హుస్సేన్ ఆ మూడు రోజులే బాగున్నాయన్నాడు.

మొన్నటి శీతాకాలం మాత్రం వీరదుర్గకి కూడా మంచు పిచ్చి పట్టింది. కారణం ఉంది. ఫైజా మేడం పుట్టింది ఆ కొండ మీదే. చిన్నప్పుడు వాళ్లవాళ్లు మంచు పడేదాకా అక్కడుండి, పడ్డాక మేకల్ని తోలుకుని కిందికి దిగేవారట. డెబ్బై దాటినా ఆ పద్ధతి వదల్లేదు. మంచు కంటపడితేగాని కిందికి దిగదు. దిగితేగాని వీరదుర్గకి సెలవు లేదు, ఎందుకంటే ఆ కొండ మీద ఆవిడ మోకాళ్లకి నూనె రాసే మనిషి ఇంకొకరు లేరు. వీరదుర్గ కూతురు దేవికి తొలి కాన్పు జనవరి ఆఖరికి చెప్పారు.

"దిగిన రోజే నీ టికెట్, దుర్గా. మాటంటే మాటే," అంది మేడం, సగం హిందీలో సగం అరబ్బీలో. వెనకటి రోజుల్లో జనవరి మొదట్లోనే పడేదట. ఇప్పుడు పదిహేను దాటినా జాడ లేదు.

"ఎందుకు పడట్లేదు బాబాయ్?" మొదటిసారి తనంతట తనే అడిగింది వీరదుర్గ. ఆదిశేషు కళ్లు చెమర్చినంత పనైంది.

"మా చింతపల్లిలో నా చిన్నప్పుడు కార్తీకం దాటగానే పడేది. ఇప్పుడు పుష్యం దాకా మొహం చూపించదు. చెట్లు కొట్టేశారు, భూమి వేడెక్కింది. ఇక్కడా అంతేనమ్మా. సముద్రం కాగి ఆవిరంతా మబ్బులై పైకొస్తంది. మబ్బంటే దుప్పటి. దుప్పటి కప్పుకున్న నేల చల్లారుద్దా?"

"అయితే ఎప్పుడు పడుద్దండీ?"

"ఆకాశం తేటగుండాల, గాలి ఆగాల. ఫిబ్రవరి రావచ్చు."

వీరదుర్గ చీర చెంగుతో ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. టీ అక్కడే చల్లారిపోయింది. అబద్ధం చెప్పడం చేతకాని తన నోటిని ఆదిశేషు ఆ పూటంతా తిట్టుకున్నాడు.

పందొమ్మిదో తారీఖు తెల్లవారుజామున వీరదుర్గ లేచి చూస్తే వంటింట్లో అట్లకాడ లేదు. డీప్ ఫ్రీజరు తలుపు బార్లా తెరిచి ఉంది. పెరట్లోకి వెళ్లబోయి గుమ్మంలోనే ఆగిపోయింది. మెంతి మడి మీదా, కొత్తిమీర మీదా, రాళ్ల మీదా తెల్లటి పొడి. కొండంతా మసక వెలుగులో కలగన్నట్టుంది. దాని మధ్య గొంతుకూర్చుని, చేతులు ఎర్రగా కందిపోయి, అట్లకాడతో ఫ్రీజరు గోడల నుంచి గీకిన మంచుని ఆకాకుకీ సర్దుతున్నాడు ఆదిశేషు. వడగళ్లని మంచన్నందుకు స్నేహితుణ్ని వెలేసిన మనిషి.

"ఇదేంటి బాబాయ్," అంది ఆమె.

"అటు తిరుగు. మేడం వస్తంది. నువ్వేం చూళ్లేదు."

ఫైజా మేడం కర్ర ఊతంతో వచ్చింది. చాలాసేపు చూసింది. వంగి చిటికెడు తీసి వాసన చూసింది. ఆ ఫ్రీజరులో వారం నుంచి చేపలున్నాయి.

"ఆదిశేషూ, ఇది మంచేనా?"

"మంచే మేడం."

"పైన ఇంత మబ్బుంది. మబ్బుంటే మంచు పడుతుందా?"

అదీ ఆయన్ని అడగాల్సిన ప్రశ్న. నిజం చెప్పొద్దన్నట్టు వీరదుర్గ చెయ్యి ఊపింది, తల అడ్డంగా ఆడించింది. ఆదిశేషు పెదాలు బిగించాడు. మెడ మీద నరం లేచింది. పదకొండేళ్ల చదువు లోపల ఊరుకోలేదు.

"పడదు మేడం. అస్సలు పడదు. మబ్బు దుప్పటి లాంటిది," అన్నాడు, ఏడుపు మొహంతో.

మేడం ఆయన ఎర్రటి చేతుల్నీ, అట్లకాడనీ, తల దించుకున్న వీరదుర్గనీ ఒక్కొక్కటిగా చూసింది. ముసుగు వెనక కళ్లు చిన్నవయ్యాయి.

"డెబ్బై ఏళ్లుగా చూస్తున్నాను. నాకు చెప్తావా? పడింది. ఖలాస్. ఇమామ్‌ని బండి తియ్యమను. దుర్గా, పెట్టె సర్దుకో. నా మోకాళ్లు నెల రోజులు కింద కోడలు చూసుకుంటుందిలే."

గంటలో బండి సిద్ధమైంది. వీరదుర్గ ఎక్కి కిటికీ దించింది. ఆదిశేషు పరిగెత్తుకొచ్చి తల లోపలికి పెట్టాడు.

"అమ్మాయి జాగ్రత్త. పిల్లో పిల్లాడో నాకు ఫోన్ చెయ్యి." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంకోటమ్మా. ఊళ్లో ఎవరన్నా అడిగితే మంచు పడిందని మాత్రం చెప్పకు. ఈ ఏడు ఇంకా పడలేదు."

"ఆయ్, అలాగే బాబాయ్," అంది వీరదుర్గ. కొండ దిగే మలుపులన్నీ అయిపోయేదాకా ఆమెకి నవ్వు ఆగలేదు.