పదకొండు సూడిబర్రెలు

నేను కండ్లకోయలో ఒక పాల కంపెనీ ఆఫీసులో పనిచేస్తాను. వందల ఊళ్ల నుంచి పూటపూటకూ వచ్చే పాల వివరాలు, ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, బండి ఎప్పుడు చేరింది, అన్నీ నా కంప్యూటర్లో పడతాయి. బిగ్ డేటా అంటూ తెగ గొప్పలు పోయేవాణ్ణి. గుండ్లపోచంపల్లిలో మా కాలనీవాళ్లు ఎవరు భోజనానికి పిలిచినా అదే గోల. మా ఆవిడ బల్ల కింద కాలు తొక్కేది.

ఒక ఎండాకాలం ఆ కంప్యూటరు మూసెయ్యదగ్గ పాలకేంద్రాల జాబితా ఇచ్చింది. శామీర్‌పేట దాటాక లోపలికున్న ఒక చిన్న ఊరు అందులో ఉంది. అక్కడ పాలు నెలనెలా పడిపోతున్నాయి. చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ అంతగా పడలేదు. ఒకసారి చూసి రమ్మని మేనేజరు నన్ను పంపాడు.

కేంద్రం నడిపే ఆమెకు యాభై దాటి ఉంటాయి. తన ఇంటి వరండాలోనే క్యాన్లు పెట్టుకుంది. వచ్చిన పని చెబితే గొడవ పడలేదు, గోడ చూపించింది. దాని మీద సుద్దముక్కతో ఊళ్లో ఏ ఇంటి గేదె ఎప్పుడు వట్టిపోయిందో, మళ్లీ ఎప్పుడు ఈనుతుందో రాసి ఉంది.

"గిప్పుడు పాలు తగ్గినయ్, నిజమే సారు. గని పదకొండు బర్రెలు సూడిమీదున్నయ్. ఆడోళ్లమందరం ఒక్క అంగట్లనే కొనుక్కొచ్చినం. అందుకే అన్నీ ఒక్కపారే వట్టిపోయినయ్. దసరా దాటంగనే ఈంతయ్. గప్పటిదాంక ఆగుండ్రి."

"అన్నీ చూడివేనా? ఖాయమేనా?"

"ఒక్కొక్కదాని కడుపు మీద చెయ్యి వెట్టి జూసిన సారు. అండ్ల మాది గూడ ఒకటి."

నమ్మాను. ఈ సంగతి మాత్రం దాచను. ఆ గోడ మీదున్నదాన్ని మా భాషలో స్మాల్ డేటా అంటారు. నా దగ్గరున్నది దానికి ఎన్నో రెట్లు పెద్దది, కానీ ఈ పదకొండు గేదెల సంగతి దానికి తెలియదు.

ఆఫీసుకొచ్చి ఫారం తెరిస్తే చూడిగేదెల కోసం గడి ఎక్కడా లేదు. అడుగున 'ఇతర వివరాలు' అని కొంచెం ఖాళీ ఉంది. ఆమె చెప్పింది అక్కడ రాయొచ్చు. మీటింగులో నవ్వుతారని భయమేసింది. ఇంత చదివినవాణ్ణి గోడ మీద సుద్దరాతలు నమ్మి వచ్చానంటే పరువేం కాను? ఆ చోటు ఖాళీగానే వదిలేశాను. వారం తిరక్కుండా కేంద్రం మూసేశారు.

దీపావళి తర్వాత అదే కంప్యూటరు, పెళ్లిళ్ల గిరాకీకి పాలు చాలడం లేదని, శామీర్‌పేట వైపు కేంద్రాలు తెరవమంది. కిందటేడు ఈ రోజుల్లో పోసిన పాల లెక్కన జాబితాలో మొదట ఉన్నది ఆ ఊరే. మళ్లీ నన్నే పంపారు. తప్పు దిద్దుకోవచ్చని సిగ్గు లేకుండా సంతోషపడుతూ వెళ్లాను.

ఆమె కొట్టం ఖాళీగా ఉంది.

"గేదె ఏదమ్మా?"

"అమ్మినం సారు. పాలు వోసుటానికి రోజూ మేడ్చల్ దాంక ఎవలు వోతరు? కొనేటోడు లేకుంటే గడ్డి యాడికెల్లి దెచ్చి ఏస్తం? ఒగలెన్క ఒగలు అంగడికి తోలిండ్రు. మాది ఆఖర్న వోయింది. ఇంక ఇరవై దినాలాగితే ఈ కొట్టంలనే ఈనుతుండె."

"కొన్నవాళ్ల దగ్గర ఈనిందా?"

"ఈనిందంట. పెయ్య పుట్టిందంట."

"ఆ రోజు మీరు చెప్పింది నేను పైవాళ్లకు చెప్పలేదమ్మా" అన్నాను.

ఆమె ఖాళీ కొట్టం వైపు చూసింది. "ఒక్క మాట జెప్తే అయిపోతుండె గద సారు" అని లోపలికి వెళ్లింది.

ఇంక రాదేమో అనుకున్నాను. కాసేపటికి గ్లాసుతో వచ్చింది.

"పాకెట్ పాల చాయ్ సారు. ఏమనుకోకుండ్రి, ఊర్ల ఇగ గవే దొరుకుతున్నయ్."

తలుపులోంచి కనిపిస్తున్న పొయ్యి పక్కన కత్తిరించి పడేసిన పాకెట్ మా కంపెనీదే.